ముసురు రోజు, ఎనిమిది చోట్లు

అలిపిరి కాడ గేటేసేసినారు.
ఘాట్‌రోడ్డులో బండలు దొర్లినాయంట.
కొండకు పొయ్యే బస్సులన్నీ
తడిసిన గొడ్ల మాదిరి వరసగా నిలబడుండాయి.

నా ఆటో ఎనకాల రేకుమీద రాసుంటుంది:
లోకల్ టెంపుల్స్, ఎనిమిది చోట్లు, ఎనిమిది నూర్లు.
ముసురు పట్టి మూడో దినం. బోణీ లేదు.
మూసిన షట్టరు కింద
బీడీ కూడా అంటుకోని చెమ్మలో నిలబడుంటే
పసుప్పచ్చ కోటు తొడుక్కున్న తెల్లామె ఒకామె
వానలో, చలికాలం ఎండలో నడిచినట్టు
నిదానంగా నడిచొచ్చింది.

"వాన నిలవనీ మేడం, అప్పుడు పోదాం."
"ఎప్పుడు నిలుస్తుంది?"
తలెత్తి చూసినా. కొండ లేదు.
కొండ ఉండాల్సిన తావులో
ఇడ్లీపాత్ర మూత తీసినప్పటి ఆవిరి.
"రేపో, ఎల్లుండో."
"మా ఊర్లోనూ అంతే," అనింది,
"ఇప్పుడే పోదాం."

అద్దానికి పొగాకు రుద్దినా, నీళ్ళు జారిపోవాలని.
వైపరు చెడిపోయి రెండేండ్లాయ.
పేరు రాగ్న్‌హిల్డ్ అంట.
నా నోట్లో రాగి కాడికే ఆగిపోయింది.
ఊరు బెర్గెన్, సముద్రం పక్కన, చుట్టూ ఏడు కొండలంట.
బ్రేకేసి ఎనక్కి తిరిగినా:
"ఏడా? పైన ఏ సామి ఉండాడు మేడం?"
బాగా ఆలోచించి చెప్పింది:
"ఎవరూ లేరు. వాన ఉంటుంది."

కపిలతీర్థం.
ఎండాకాలం సన్నగా, ముసలోళ్ళ మూత్రం మాదిరి కారే నీళ్ళు
ఈ పొద్దు ఎర్రగా, రొమ్ము విరుచుకోని దూకతా ఉండాయి.
పోలీసాయన తాడు కట్టి ఈల ఊదతా ఉండాడు,
ఆ ఈల ఆయనకే ఇనపడదు.
పందొమ్మిదేండ్లుగా నేనిక్కడ చూసింది నా గడియారం ఒకటే.
"టెన్ మినిట్స్ మేడం" అనబోయి
నోట్లోకి తుంపర పడి మానుకున్నా.

గోవిందరాజుల గుడి కాడ
చెప్పులు పెట్టే పిల్లోడు, వాటిని కొట్టకపోకుండా
తాడుకు గుచ్చి మెడకేసుకున్నాడు.
ఆమె నవ్వింది. వాడూ నవ్వినాడు.
టోకెన్ మాత్రం ఇచ్చినాడు, పద్దతి పద్దతే.

చంద్రగిరి కోటలో టికెట్టిచ్చే మనిషే రాలేదు.
గేటు కమ్మీల్లోంచి చూసినాం.
రాజమహల్ తడిసి నల్లగా, ఎవురూ చూడట్లేదు కదాని
ఒళ్ళు సడలించుకోని కూర్చోనుండాది.
"బాగుంది," అనింది రాగి. "మూసినా బాగుంది."
మూసిన దానికి దుడ్లెట్టా అడిగేదని
నేను లోపల్లోపలే లెక్క తీసేస్తా ఉండా.

నడిమధ్యలో ఒక టీ, నాలుగు మిరప బజ్జీలు.
అంగట్లో అందురూ వాన నిలిచేదాకా నిలబడినోళ్ళే:
బ్యాంకు పని, గుండు పని, పెండ్లిచూపులు.
అందురి మొగాల్లోనూ ఒకటే కోపం,
ఎవురో తమ దినాన్ని అరువు తీసుకోని ఇయ్యనట్టు.
ఆమె బజ్జీ కొరికి, కండ్లనీళ్ళు పెట్టుకోని
ఇంకోటి అడిగింది.

సాయంత్రం. రేణిగుంటలో ఆమెకు రైలు.
దారి కాకపోయినా తిరుచానూరు మీదుగా తిప్పినా,
ఎందుకంటే చెప్పలేను.
స్వర్ణముఖి వంతెన మీద ఇంజను ఆపేసినా.
చిన్నప్పుడు ఈ ఏట్లో మా పిచ్చి నడుమున మూడు పుల్లలు,
బౌండరీ అంటే అవతలి రెల్లుగడ్డి.
తర్వాత ఇసక ట్రాక్టర్లు.
ఏరంటే నీళ్ళుండేదని మా పిల్లకు ఏలుపెట్టి చూపించిందే లేదు.

ఇప్పుడు ఒడ్డూ ఒడ్డూ రాసుకోని పోతా ఉండాది.
ఒక ప్లాస్టిక్ కుర్చీ, నాలుగు కాళ్ళూ పైకెత్తి,
రాజా మాదిరి కొట్టకపోతా ఉండాది.
రేకుమీద రాయని చోటు ఇది.

"పోదామా?" అనింది ఆమె, ఫోన్లో టైం చూసి.
చొక్కా ఈపుకు అతుక్కుపోయింది,
ఏలికొసలు ముడతలు పడినాయి.

"ఉండు మేడం," అంటి,
"రవంతసేపు.
ఇంక తడిసేదేముండాది."